జరగబోయే కథ అడగరాదు

టీవీ సీరియల్ తీసేవాళ్లను ప్రశ్న అడగడానికి కొన్ని మర్యాదలున్నాయి. ఆ మర్యాదలు రాసింది నేనే. ప్రేక్షకులతో ముఖాముఖి పెట్టినప్పుడల్లా ప్రశ్న రాసిమ్మని హాల్లో పంచే చీటీల వెనక, చిన్న అక్షరాల్లో అచ్చువేయించేవాళ్లం. ఒకటి, జరగబోయే కథ అడగరాదు. రెండు, ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి. మూడు, మీ పిల్లలకు వేషం అడగరాదు. ఇలా తొమ్మిది. మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి కార్యక్రమాలు నడిపే ఉద్యోగంలో ఉంటే, ఆ చీటీలు ఇంకా పంచుతుంటే, నా అనుభవం ఒకటి చెబుతాను. పనికొస్తే వాడుకోండి, రాకపోతే కాసేపు నవ్వుకోండి.

ప్రతి నియమం వెనక ఒక మనిషి ఉన్నాడు. రెండో నియమానికి కారకుడు ఒక పెద్దమనిషి. మైకు అందుకుని తన పెళ్లిచూపుల దగ్గర మొదలుపెట్టి, ఉద్యోగం, బదిలీలు, మోకాళ్ల నొప్పుల మీదుగా వచ్చి, చివరికి "నాకు ప్రశ్న ఏమీ లేదు, ఊరికే మాట్లాడదామని" అని కూర్చున్నాడు. ఐదో నియమం, హీరోయిన్‌ను చీర ఎక్కడ కొన్నారని అడగరాదు. ఆ చీర అద్దెది, సాయంత్రానికి మడతపెట్టి తిరిగి ఇచ్చేయాలి. ఏడో నియమం, కథ ఇలా కాదు అలా ఉండాల్సింది అని రచయితకు చెప్పరాదు. ఇది మర్యాద కోసం పెట్టింది కాదు. చాలాసార్లు ప్రేక్షకులు చెప్పిన కథే మా కథకంటే బాగుండేది, అందుకని పెట్టాం.

అన్నిటికీ పెద్దది మొదటి నియమం. ముందే చెప్పేస్తే జనం చూడటం మానేస్తారని మా మేనేజర్ మేడం అనేవారు. అసలు సంగతి ఏమిటంటే, జరగబోయే కథ మా రచయితకే తెలియదు. సోమవారం షూటింగుకి కావలసింది ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక రాసేవాడు. తెలియదని ఒప్పుకోలేడు కాబట్టి, "చూస్తూనే ఉండండి" అని చిరునవ్వు నవ్వేవాడు. ఆ చిరునవ్వుకి జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నా ఉద్యోగమంతా ఆ చిరునవ్వుకి కాపలా కాయడమే.

నా కార్డు మీద మాత్రం ప్రేక్షక సంబంధాల అధికారి అని ఉండేది. మాది జహీరాబాద్. మా బస్తీలో ఆ కార్డు చూపిస్తే, సంబంధాలు అనే మాట ఒక్కటే పట్టుకుని, మా అబ్బాయికి ఒక సంబంధం చూడమని జాతకాలు తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు. పని చెప్పుకోవాలంటే రెండు ముక్కలు. ముఖాముఖిలో మైకు పట్టుకుని తిరగడం ఒకటి. సీరియల్ కింద తెర మీద పరుగెత్తే నంబరుకి జనం పంపే వాయిస్ మెసేజీలు వినడం రెండోది. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా చెవుల్లో జనం. తిట్లు, దీవెనలు, విలన్ ఇంటి అడ్రసు ఇస్తే వచ్చి కొడతామనేవాళ్లు, హీరోయిన్‌కి దగ్గు వచ్చిందని కషాయం చెప్పేవాళ్లు.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. మెసేజీల్లో కథకి పనికొచ్చే ముచ్చట ఏదైనా తగిలితే అందులో రాసుకునేవాణ్ని. వారానికోసారి రచయిత టీ తాగుతూ ఆ బుక్కు తిరగేసేవాడు. నచ్చినదాని పక్కన టిక్కు పెట్టేవాడు. ఎవరి ముచ్చటో ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పేర్లు రాయకపోవడమే పెద్ద నిజాయితీ అనుకునేవాణ్ని.

ఒక రోజు ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. వెనక బోరు మోటారు శబ్దం. అల్లం తోటలో నిలబడి మాట్లాడుతున్నానని ఆమే చెప్పింది. మాట మా వైపుది.

"నమస్తే సార్. నాకు ముప్పై నాలుగేండ్లు. మా అత్తమ్మకు ఎర్క లేకుండ ఓపెన్‌ల టెన్త్ చదువుతున్న. మా ఊళ్లె అంగన్‌వాడి టీచరమ్మ దిగిపోతున్నది, టెన్త్ ఉంటే నేను పెట్టుకోవచ్చు. పుస్తకాలు జొన్నల గుమ్మిల పెట్టి మీదికెల్లి జొన్నలు పోస్త. రొట్టెలకు జొన్నలు తీయవోయినప్పుడు ఒక్కొక్క పేజీ చదువుకుంట. మీ సీరియల్ల గా కోడలు ఉత్తగనే ఏడుస్తది సార్. ఆమెను గూడ చదువుకోనియ్యుండ్రి. గంతే. నా పేరు మాత్రం చెప్పకుండ్రి."

గుమ్మి అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. వెదురుతో అల్లి, పేడతో అలికి, గింజలు పోసుకునే ఎత్తైన బుట్ట. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. నోటుబుక్కులో రాసి కింద గీత కూడా గీశాను. రచయిత చదివి, టీ పక్కన పెట్టి, "అబ్బ, గుమ్మిలో పుస్తకాలు" అన్నాడు. టిక్కులు రెండు పెట్టాడు. ఆ రోజు నాకు ఉద్యోగంలో చేరిన రోజంత సంతోషం వేసింది.

నెల తిరగకుండా మా సీరియల్లో కోడలు పుస్తకాలు గుమ్మిలో దాచింది. హైదరాబాదులో గుమ్మి దొరక్క ఆర్ట్ డైరెక్టర్ ఫర్నిచర్ దుకాణం నుంచి విడిచిన బట్టలు వేసుకునే బుట్ట తెచ్చి, దానికి మట్టిరంగు పూయించాడు. ఇంకో నెలకి సీరియల్ అత్త ఆ బుట్టలో చెయ్యి పెట్టింది. పుస్తకాలు బయటికి లాగింది. అగ్గిపెట్టె తీసింది. మా సీరియల్ నడక ఎలాంటిదంటే, సోమవారం ఎత్తిన చెయ్యి గురువారానికి చెంప మీద పడేది. అత్త అగ్గిపుల్ల గీసి రెండు వారాలైనా మంట పుస్తకం దాకా రాలేదు. రేటింగు మాత్రం లేచింది. మేడం సంతోషించి, జిల్లాల్లో ముఖాముఖీలు పెడదామన్నారు. మొదటిది జహీరాబాద్‌లో పెడదామని నేనే అన్నాను. సొంత ఊళ్లో దర్జా చూపించుకోవాలని కోరిక, ఇంకేం లేదు.

హైవే పక్కన ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాం. ముంబయి వైపు పోయే లారీలు హారన్ కొడితే లోపల మైకులో మాట వినబడదు. సౌండ్ సిస్టమ్ మా బస్తీ భాయ్‌ది. పెళ్లిళ్లకు, దర్గా ఉర్సులకు, ఎన్నికలకు అన్నిటికీ ఆయనే. నాకంటే రెండేళ్లు చిన్న, చిన్నప్పుడు కలిసి గోలీలాడాం. ఆయన డబ్బాలు దించుతూ నా చీటీ తీసుకుని వెనక్కి తిప్పి చదివాడు.

"అన్నా, తొమ్మిది ఉన్నయ్ రా బై. నమాజ్‌కు గూడ గిన్ని షరతులు లేవు" అన్నాడు.

"పబ్లిక్‌ను కంట్రోల్‌ల పెట్టాలె గద భాయ్."

"పబ్లిక్ ప్రశ్న అడగనీకి వస్తరు. అడగొద్దని రాసిస్తున్నవ్. మరి పిలుసుడెందుకు?"

నేను కుర్చీలు సర్దించడానికి వెళ్లిపోయాను.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. ముఖాముఖి అంటే జనం అడుగుతారు, వీళ్లు చెబుతారు అనుకుంటారు. అది జరగదు. అందరి దగ్గరా చీటీలు తీసుకుంటాం, తీసుకుని ఒక సంచిలో వేసి పక్కన పెడతాం. నా జేబులో ముందే రాసిన ఆరు ప్రశ్నలుంటాయి. వాటిని హాల్లో మర్యాదస్తుల్లా కనబడే ఆరుగురికి ఇస్తాం. వాళ్లు లేచి అవే చదువుతారు. రచయిత ఆలోచిస్తున్నట్టు కాసేపు పైకి చూసి, ముందే బట్టీ పట్టిన జవాబు చెబుతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఎక్కడా బెడిసికొట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలు. పన్నెండుకే హాలు నిండింది. ఝరాసంగం వైపు నుంచి ఆటోల్లో పదిమంది చొప్పున దిగారు. రాయికోడ్ నుంచి ఒక ట్రాక్టర్ ట్రాలీ నిండా వచ్చారు. రొట్టెల మూటలు విప్పి కుర్చీల్లోనే తినడం మొదలుపెట్టారు. బస్తీ నుంచి బురఖాల్లో వచ్చిన ఆడవాళ్లు ఎడమవైపు రెండు వరసలు పట్టుకున్నారు. మేడం తలుపు దగ్గర నిలబడి, "ఇంత క్రేజా" అని మూడుసార్లు అన్నారు.

నేను చీటీలు తీసుకుంటుంటే ఒక ఆమె వచ్చి తనది నా చేతిలోనే పెట్టింది. సంచిలో వేయనివ్వలేదు.

"జర ఇప్పుడే చదువుండ్రి సార్."

చదివాను. "గా కోడలు పరీక్ష రాస్తదా, రాయదా?"

"అమ్మా, జరగబోయే కథ అడగొద్దు. ఎనక చూడు, ఒకటో నంబరే గది" అన్నాను.

ఆమె వెళ్లి, ఇంకో చీటీ తీసుకుని, రాసుకొచ్చింది. అదే ప్రశ్న, ఈసారి అక్షరాలు గుండ్రంగా. మళ్లీ తిప్పి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది.

"ఏందమ్మా, చదువు రాదా? ఎనక రాసింది కనబడుతలేదా?"

"చదువు కోసమే వచ్చిన సార్" అంది ఆమె. గొంతు తగ్గించింది. "మా అత్తమ్మ మీ సీరియల్ ఒక్క దినం ఇడవది. గా భాగం వచ్చిన నాడు అందరం కూసొని చూస్తున్నం. గా కోడలు గుమ్మిల పుస్తకాలు పెట్టుడు చూసింది. నా దిక్కు చూసింది. అడ్వటైజ్‌మెంట్ రాంగనే లేసి సీదా గుమ్మి కాడికి పోయింది. మోచేతి దాంక చెయ్యి పెట్టింది. నా పుస్తకాలు దొరికినయ్."

నాకు ఆ బోరు మోటారు శబ్దం చెవుల్లో వినబడింది. గొంతు గుర్తుపట్టాను. చేతిలో చీటీల సంచి బరువెక్కింది.

"తిట్టిందా?" అన్నాను.

"తిడితే అయిపోతుండె సార్. తిట్టలే. పుస్తకాలు, మొన్నొచ్చిన హాల్ టికెట్ అన్నీ తన సందుగల ఏసి తాళం పెట్టింది. 'ఈ వయసుల నీకు చదువు మంచిదో కాదో నాకు సమజైతలేదు. నాటకంల గా పిల్లకు ఏమైతదో చూస్త. ఆమె పరీక్ష రాసి పాసైతే నీయి నీకిస్త, లేకుంటే లేదు' అన్నది. రేపు ఇడిసి వచ్చే సోమారం నా పరీక్ష. మీ సీరియల్ల అగ్గిపుల్ల ఇంక ఆరుతనే లేదు."

"మీ ఆయన ఏమంటడు?"

"కంపెనీల షిఫ్టుకు పోతడు, వస్తడు. తల్లి ముచ్చటకు రాడు. అత్తమ్మ ఈడనే ఉన్నది సార్, మూడో వరసల. రచయిత సారు నోటితోటి చెప్తే వింటనన్నది. గందుకే తోలుకొచ్చిన."

మూడో వరసలో ఒక ముసలావిడ కూర్చుని రొట్టె తింటూ వేదిక మీద ఖాళీ కుర్చీలను పరీక్షగా చూస్తోంది. నడుముకు తాళంచెవుల గుత్తి.

నా పరిస్థితి చెబుతాను. సీరియల్లో ముందు ఏం జరగబోతోందో ఆ ఒక్కసారికి మాత్రం నాకు తెలుసు. కారులో వస్తూ రచయిత మేడంకి చెబుతుంటే విన్నాను. పుస్తకాలు కాలవు. కోడలు వాటిని లాక్కోబోయి మెట్ల మీది నుంచి పడుతుంది. గతం మరిచిపోతుంది. మొగుడితో పాటు అక్షరాలు కూడా మరిచిపోతుంది. పరీక్ష సంగతి అక్కడితో ఖతం. మేడం "సూపర్" అన్నారు.

ఆ గుమ్మి సంగతి మోసుకెళ్లి టీవీలో వేయించింది నేనేనమ్మా అని చెప్పాల్సింది. చెప్పలేదు. ధైర్యం చాలలేదు. "నియమం అందరికీ ఒక్కటే, నా చేతుల ఏం లేదు" అన్నాను. ఆమె మూడో చీటీని చిన్నగా మడిచి గుప్పిట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధాలు చాలా ఉన్నాయి, నేను చెప్పిన ఆ ఒక్క నిజానికి సిగ్గుపడినంతగా వేటికీ సిగ్గుపడలేదు.

కార్యక్రమం మొదలైంది. రచయిత పట్టు లాల్చీలో వచ్చి అందరికీ దండం పెట్టాడు. మొదటి రెండు ప్రశ్నలు సాఫీగా నడిచాయి. మూడోది బురఖాల వరసలో ఒక పెద్దావిడకి ఇచ్చాం. ఆమె నా చీటీ పక్కన పెట్టేసి ఉర్దూలో ఏదో అడిగింది. రచయితకు ఉర్దూ రాదు. చిరునవ్వు నవ్వి, "చూస్తూనే ఉండండమ్మా" అన్నాడు. ఆమె అడిగింది తమ మీది ఫ్యాను తిరగడం లేదు, వేయించమని. భాయ్ నవ్వాపుకోలేక మిక్సర్ మీద తల వాల్చాడు. తర్వాత ఆయనే వెళ్లి ఫ్యాను వేసొచ్చాడు. ఆ రోజు ప్రేక్షకుల ప్రశ్నకి దొరికిన మొదటి సరైన జవాబు అదే.

ఆరో ప్రశ్న ఒక రిటైర్డు హెడ్మాస్టర్‌కి ఇచ్చాం. నేను రాసిన ప్రశ్నల్లో నాకు బాగా ఇష్టమైంది అది. ఆయన గంభీరంగా చదివాడు. "ఇంత సహజమైన సంఘటనలు, ముఖ్యంగా ఆ గుమ్మి ఘట్టం, తమకు ఎలా స్ఫురించిందో సెలవిస్తారా?"

రచయిత కళ్లు మూసుకున్నాడు. "ఒక తెల్లవారుజామున ధ్యానంలో కూర్చుని ఉండగా నా కళ్ల ముందు ఒక గుమ్మి కనిపించింది" అన్నాడు. "అందులో నుంచి ఒక స్త్రీ నిట్టూర్పు వినిపించింది. అలా పుట్టింది."

హాలంతా చప్పట్లు. మేడం నాకు ముగించమని సైగ చేశారు. నేను వందన సమర్పణకి కాగితం తీస్తున్నాను. మూడో వరసలో ఒక చెయ్యి లేచింది, గుప్పిట్లో చీటీతో.

మేడం తల అడ్డంగా ఊపారు. వద్దని అర్థం. నేను నడిచాను. ఎందుకు నడిచానో పెద్ద కారణాలేవీ చెప్పను. ధ్యానం అన్నాడు కదా, అది నాకు నచ్చలేదు. ఆ గుమ్మి నా నోటుబుక్కులోది, ధ్యానంలోది కాదు. అంతకంటే గొప్ప భావం ఆ నిమిషానికి నాలో లేదు. మైకు ఆమె చేతికిచ్చాను.

ఆమె లేచి నిలబడింది. మైకుని రెండు చేతులతో పట్టుకుంది.

"సార్, గా కోడలు పరీక్ష రాస్తదా, రాయదా?"

రచయిత చిరునవ్వు నవ్వాడు. "చూస్తూనే ఉండండమ్మా."

చప్పట్లు పడ్డాయి. అందరూ ఆమె కూర్చుంటుందనుకున్నారు. కూర్చోలేదు.

"చూస్తూనే ఉండనీకి నాకు టైమ్ లేదు సార్. నా పరీక్ష వచ్చే సోమారం ఉన్నది. మా అత్తమ్మ మీ కథ ఎట్లయితే గట్ల చేస్తనన్నది. గీడనే ఉన్నది, మీరు చెప్పేది ఇంటది. అవునంటే అవుననుండ్రి, కాదంటే కాదనుండ్రి."

ముసలావిడ నోట్లో రొట్టె నమలడం ఆపేసింది. రచయిత మేడం వైపు చూశాడు. మేడం భాయ్ వైపు చూసి, గొంతు కోస్తున్నట్టు చేత్తో సైగ చేశారు. మైకు కట్ చేయమని. భాయ్ ఆ సైగని చూసి, తిరిగి సలాం పెట్టాడు, మైకుని మాత్రం ముట్టుకోలేదు.

"అమ్మా, ఇది కల్పిత కథ" అన్నాడు రచయిత.

"గుమ్మి కల్పితం గాదు సార్. అది మా ఇంట్లది. ఫోన్ల మీకు నేనే చెప్పిన. కోడలిని చదివించుండ్రని చెప్పిన. మీరు గుమ్మి తీసుకున్నరు, చదువు ఇడిచిపెట్టిన్రు."

హాల్లో ఎవరో "నిజమే గద" అన్నారు. రచయిత మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. అందులో నీళ్లు లేవు. అయినా తాగాడు.

అప్పుడు నేను ఆమె దగ్గర మైకు తీసుకున్నాను. "అమ్మా, నేను ప్రేక్షక సంబంధాల అధికారిని" అన్నాను, ఏదో మంత్రిగారిలా. "రాబోయే భాగాల కాగితాలు నేను చూశాను. కోడలు పరీక్ష రాస్తుంది. పాసవుతుంది. ఫస్ట్ క్లాసులో." ఫస్ట్ క్లాసు ఎందుకన్నానో నాకు తెలియదు. మైకు చేతిలో ఉంటే కొంచెం ఎక్కువ పలుకుతాం.

హాలు లేచి ఈలలు వేసింది. ఆమె నన్ను చూసి తలూపి కూర్చుంది. ముసలావిడ మాత్రం నా వైపు చాలాసేపు చూసి, మళ్లీ రొట్టె తినడం మొదలుపెట్టింది.

హాలు ఖాళీ అయ్యాక మేడం భాయ్‌ని నిలబెట్టి, కట్ చేయమంటే ఎందుకు చేయలేదని అడిగారు. ఆయన చేతులు కట్టుకున్నాడు. "మేడం, మా అబ్బాజాన్ నాకు మైక్ చాలు చేసుడే నేర్పించిండు. బంద్ చేసుడు నేర్పించకముందే పోయిండు" అన్నాడు.

నా లెక్క కారులో తేలింది. సదాశివపేట దాకా మేడం మాట్లాడారు, సంగారెడ్డి నుంచి రచయిత అందుకున్నాడు. తన కథలో కోడల్ని తనకు తెలియకుండా ఒక మైకు మోసేవాడు పాస్ చేయిస్తాడా అన్నది ఆయన బాధ. మర్నాటి నుంచి నా చేతికి మైకు రాలేదు. మిగిలిన సర్వీసంతా వాయిస్ మెసేజీల గదిలోనే. అక్కడ నాకు అసలు శిక్ష పడింది. రెండు నెలలకు మా కోడలు పద్ధతిగా మెట్ల మీది నుంచి పడి అన్నీ మరిచిపోయింది. ఆ వారమంతా జహీరాబాద్ చుట్టుపక్కల నుంచి మెసేజీలే. "గా మైకాయన పాసైతదన్నడు గద. ఆడెక్కడున్నడు, వాన్ని ఫోన్‌ల మాట్లాడమనుండ్రి." అన్నీ నేనే విని, వచ్చినట్టు నమోదు చేసుకున్నాను.

ఆమె పరీక్ష రాసిందో లేదో తెలియలేదు. కనుక్కోవడానికి నంబరు నా దగ్గర ఉంది. చేయలేదు. రాసే ఉంటుందని, నా వల్లే రాసి ఉంటుందని నాలో నేను అనుకునేవాణ్ని. రిటైరై జహీరాబాద్ వచ్చేశాక ఒకరిద్దరు మిత్రులకు కూడా ఆ కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నేను ఇంకొంచెం ధైర్యవంతుణ్ని అయ్యేవాణ్ని.

పోయిన వానాకాలం బీపీ మందులకు దవాఖానకు వెళ్లాను. ఓపీ చీటీ పట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలావిడ నన్ను తేరిపార చూస్తోంది. నడుముకు తాళంచెవుల గుత్తి.

"నువ్వు మైకు సారువు గద" అంది.

అవునన్నాను. "అవ్వా, మీ కోడలు..."

"రాసింది. లెక్కలు ఒక్కటి పోయినయ్, మళ్ల రాసి గది గూడ ఎల్లదీసింది. ఇప్పుడు మా ఊళ్లె అంగన్‌వాడి టీచర్. నన్ను గూడ పిల్లలను అన్నట్టే చేతులు కడుక్కో అంటది."

నేను నిటారుగా కూర్చున్నాను. "నేనారోజు గట్ల చెప్పబట్టే గద అవ్వా మీరు పుస్తకాలిచ్చింది."

ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. "నువ్వు అబద్ధమాడినవని నాకు ఆన్నే ఎర్కైంది తమ్మీ. రాసెటోనికే తెల్వని కథ మైకు మోసెటోనికి ఎట్ల తెలుస్తది?"

"మరి ఎందుకిచ్చిన్రు?"

"గా నాటకం పిల్ల ఎన్నడన్న నోరు తెరిచి ఒకల్ని ఒకటి అడిగిందా? ఏడుసుడే. నేను దాన్ని చూసి నా కోడలు గూడ గట్లాంటిదే అనుకున్న. మరి ఇదేమో గంత మంది ముంగట లేసి నిలవడి, గంత పెద్ద సారును, నాకు టైమ్ లేదు అన్నది. నాకే భయమైంది. గప్పుడు అనుకున్న, ఇది గా పిల్ల గాదు, దాని కథ చూసి దీని ముచ్చట తేల్చుడేంది అని. ఇంటికి పోంగనే సందుగ తాళం తీసిన."

నా రెండేళ్ల ధైర్యం అక్కడే బల్ల మీద ఖర్చయిపోయింది. పోయేది ఎలాగూ పోయిందని మిగతాది కూడా చెప్పేశాను. గుమ్మి సంగతి బుక్కులో రాసుకున్నది, రచయితకు ఇచ్చింది నేనేనని. ఆమె తాళంచెవుల గుత్తిని కాసేపు తిప్పింది.

"గా చీటి ఎనక అన్ని రాసిస్తిరి. గది అడగొద్దు, గిది అడగొద్దు. మా ఇంటి ముచ్చట టీవీల ఏసెటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడిగిన్రా?"

"అడగలేదవ్వా."

"అడిగేది మర్యాద గదా?"

అవునన్నాను. కళ్లు తడిసినట్టయింది, బీపీ అనుకున్నాను. బీపీ కాదు. అప్పుడు అడిగాను. "అవ్వా, ఇప్పుడు ఖాళీగ ఉన్న. నా నౌకరీ ముచ్చట్లు రాసుకుందామనుకుంటున్న. గిది రాయొచ్చునా?"

ముప్పై ఏళ్లలో ఒక ప్రేక్షకురాలిని నేను అనుమతి అడిగింది అదొక్కసారే. ఆమె తొందరపడలేదు. లోపల ఎవరి నంబరో పిలిచారు, ఆమెది కాదు.

"కోడలినడిగి చెప్త" అంది, నా ఫోన్ నంబరు చీటీ మీద రాయించుకుంది. వారానికి కోడలే ఫోన్ చేసింది. రాసుకొమ్మంది, పేరొద్దంది, మా అత్తమ్మ ఇంకొక మాట చెప్తదట అని ఫోన్ ఆమెకిచ్చింది. ముసలావిడ ఫోన్ పట్టుకుని కోడలు అవతలికి వెళ్లేదాకా ఆగింది.

"తమ్మీ, పుస్తకాలు దాసిన జాగ మార్చి రాయి" అంది గొంతు తగ్గించి. "ఇప్పుడు గాడ నాదొకటి దాసుకున్న. దీనికి ఎర్క లేదు."

అందుచేత, గుమ్మి అని నేను రాసిందంతా అబద్ధం. రచయిత ధ్యానంలో కనబడింది గుమ్మి కాదు, ఆర్ట్ డైరెక్టర్ రంగు పూయించింది బట్టల బుట్ట కాదు. ముప్పై ఏళ్లు సీరియల్ గాలి పీల్చినవాణ్ని, ఆ మాత్రం అల్లగలను. అసలు జాగ ఏదో నాకు తెలుసు, మీకు చెప్పను. ఇప్పుడు అందులో ఏముందో నాకూ తెలియదు. నేను అడగలేదు.